నాలుగున్నర నాలుక

"మూడా? నాలుగా?" అని అడిగింది డాక్టర్ ఫర్హానా.

ఇడ్లీల సంగతైతే తవిటినాయుడు తడుముకోకుండా నాలుగనేవాడు. ఆవిడ అడిగింది నాలుక సంగతి. అదీ దేవుడిచ్చిన నాలుక కాదు, విశాఖపట్నం ల్యాబువాళ్లు ఇచ్చిన నాలుక. ఎడమ చెవి వెనక, ఎముక కింద, వక్కపలుకంత యంత్రం. దాని పేరు కూడా 'పలుకే'. మెదడులో మాట పుట్టగానే పట్టుకుని చొక్కా మొదటి గుండీలో ఉన్న స్పీకరుకు పంపుతుంది. గుండెలో మాట గుండీలోంచి రావడమన్నమాట. తవిటినాయుడి చెవి వెనక ఉన్నది మూడో వెర్షన్. బల్ల మీద వెండి డబ్బాలో మెరుస్తున్నది నాలుగో వెర్షన్.

"మూడు మారితే మూడ్ మారిపోద్ది కదా డాక్టరమ్మా!" అంది గుండీ.

ఫర్హానా పకపకా నవ్వింది. పక్క కుర్చీలో ఉన్న నూకరత్నమూ నవ్వింది. తవిటినాయుడు మాత్రం తల దించుకున్నాడు. ఎందుకంటే ఆ జోకు అతను వెయ్యలేదు. 'మూడు వద్దు' అని మాత్రమే అనుకున్నాడు. మిగతాది మూడో వెర్షన్ సొంత కవిత్వం.

అతని చూపు పెళ్లాం ఎడమ చేతి మీదికి వెళ్లింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు.

తవిటినాయుడికి యాభై నాలుగేళ్లు. విజయనగరం బస్సు కాంప్లెక్సులో అనౌన్సరు. పేరులో తవుడుంది, పెళ్లాం పేరులో నూకుంది. "తవుడూ నూకా కుదిరాయి గానీ మధ్యలో బియ్యం ఎవరు బొక్కేశారో!" అని పెళ్లిలో ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకే అన్నాడు. మైకు చేతికొచ్చాక ఇంక ఆపేవాడెవడు? "చీపురుపల్లి బస్సొచ్చింది, ప్లాట్‌ఫారం ఊడ్చుకుపోద్ది, ఎక్కండెక్కండి!" "గజపతినగరం బస్సు గజం దూరంలో ఉంది, తొండం కనిపిస్తంది!" "సాలూరు బస్సుకి జనం సాలు, ఎనక ఇంకోటుంది!" బస్సు ఆలస్యమైనా జనం తిట్టుకునేవారు కాదు. కొందరైతే బస్సు తప్పిపోయినా నవ్వుతూ నిలబడేవారు.

మూడేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున, బొబ్బిలి బస్సుకీ రాజాం బస్సుకీ మధ్య, చేతిలో మైకు జారింది. పక్షవాతం. ఆ వాతం పక్షపాతం కూడా చూపించింది. కాలూ చెయ్యీ ఆర్నెల్లకు చాలా వరకు తిరిగిచ్చేసి, నాలుకను మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంది. అక్షరమాల మొత్తంలో ఒక్కటి వదిలిపెట్టింది: ఆ. మొదటి అక్షరం కూడా కాదు, రెండోది. రోజూ పొద్దున్నే అద్దం ముందు ముప్ఫైసార్లు 'ఆ' అనమన్నారు ఆస్పత్రివాళ్లు. నూకరత్నం పక్కన నిలబడి వేళ్లు ముడిచి లెక్కపెట్టేది. తలలో వెయ్యి మాటలు, నోట్లో ఒక్క దీర్ఘం. అలా ఏడాది గడిచింది.

అప్పుడు వచ్చింది పలుకు. ఫర్హానా బృందం కాంప్లెక్సుకి వెళ్లి, పదకొండేళ్ల అనౌన్స్‌మెంట్ల రికార్డులు తెచ్చి, చంటిపిల్లకి పాలు పట్టినట్టు ఆ యంత్రానికి పట్టారు. తాగి తాగి అదీ తవిటినాయుడైపోయింది. మాట బయటికి రావడానికి నాలుగు సెకన్లు పట్టేది గానీ, వచ్చిందంటే వంకర పోయి వచ్చేది. మొదటి రోజు ఇంట్లో అతను 'అన్నం పెట్టు' అనుకుంటే, "నూకా, పలుకొచ్చింది కదా, అన్నం పలుకు లేకుండా ఒండు!" అంది గుండీ. నూకరత్నం గిన్నె కింద పెట్టి, చీర చెంగు నోట్లో కుక్కుకుని, ఏడ్చిందో నవ్విందో తనకే తెలియకుండా అరగంట కూర్చుంది. తవిటినాయుడు మళ్లీ మైకు దగ్గరికి వెళ్లాడు. జనం మళ్లీ నవ్వుతూ బస్సులు వదులుకున్నారు.

అంతా బాగానే ఉంది, పన్నెండు రోజుల కిందటి దాకా.

ఆ రోజు పొద్దున నూకరత్నం పొయ్యి మీదుగా చెయ్యి చాపి, పై అరలో పోపుల డబ్బా అందుకుంటోంది. గడప దగ్గర ఉల్లిపాయలు ఒలుస్తున్న తవిటినాయుడు చూశాడు. నూలు చీర కొంగు మంట మీదికి జారుతోంది. 'నూకా! కొంగు!' అని తల లోపల అరిచాడు. కత్తిపీట తన్నుకుంటూ లేచాడు. కుడికాలు మాట వినలేదు. గొంతు "ఆ! ఆ!" అంది. పొద్దుటి కసరత్తు మొదలెట్టాడనుకుందావిడ. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకన్లు. గుండీ పలికింది:

"నూకా! కొంగ!"

పేరు పిలిచాక రెండో మాట వంకరగానే రావాలని పదకొండేళ్ల రికార్డులు దానికి నేర్పాయి మరి.

నూకరత్నం వెనక్కి తిరక్కుండానే నవ్వింది. "మన వంటింట్లోకి కొంగెలాగొచ్చింది బావా? సేపల్లేవుగా!"

ఆ నవ్వు పూర్తయ్యేలోగా కొంగు అంటుకుంది.

*

"నాలుగులో ఏముంటుందో చూపిస్తాను," అంది ఫర్హానా. డబ్బా పక్కనున్న తెర మీద రెండు గీతలు గీసింది. "మూడుకి నాలుగు సెకన్లు పడుతుంది. నాలుగుకి పావు సెకను చాలు. ఇంకోటి, అడ్డదారులుండవు. ఒక మాటకి రెండర్థాలు వస్తే సందర్భం చూసి ఒకదాన్నే ఎంచుకుంటుంది."

"మరి రెండోది?" అంది నూకరత్నం.

"పారేస్తుంది."

"ఈ మనిషి బతికిందే రెండో అర్థం మీద డాక్టరమ్మా."

ఫర్హానా తెర మీది గీతలకేసి చూసింది.

"పోనీ రెండూ ఉంచకూడదేటి?" నూకరత్నం వదల్లేదు. "కాంప్లెక్సులో మూడు, వంటింట్లో నాలుగు?"

"ఒక తలకి ఒకటేనమ్మా. రెండు పెడితే మెదడు దేని మాటా వినదు."

"రెండు నాలుకలోళ్లు ఉన్నారు కదేటి, ఎలచ్చన్లలో నిలబడతారు!" అంది గుండీ. ఈసారీ తవిటినాయుడు అనుకున్నది వేరు. 'ఒకటే చాలు' అనుకున్నాడు.

ఫర్హానా నవ్వు ఆపుకుని చెప్పింది. "ఇవాళ నాలుగు పెడితే ఏడు రోజులు మూడు లోపలే నిద్రపోతూ ఉంటుంది. నచ్చకపోతే లేపుదాం. ఏడో రోజు సాయంత్రం దానంతటదే చెరిగిపోతుంది. తరవాత నేను కాదు, ఎవరూ వెనక్కి తేలేరు. అలా కాదు, మూడే ఉంచుకుంటామంటే ఉంచుకోండి. కాకపోతే ఈ నెలాఖరు నుంచి మూడుని బాగుచేసేవాళ్లుండరు. పాడైన రోజున మళ్లీ మౌనమే."

నూకరత్నం కట్టున్న చెయ్యి బల్ల మీద పెట్టింది. "నాకు కాలింది చెయ్యి. చెవి కాదు. ఏడాది పాటు ఈ మనిషి ఒట్టి ఆ ఆ అంటంటే నానెలాగున్నానో నాకు తెలుసు. మూడే ఉంచండి. పాడైనప్పుడు సూసుకుందాం."

తవిటినాయుడు ఆ చేతిని చూశాడు. పళ్లు కరిచి పట్టుకున్నాడు. తలలోకి ఇంకో మాట, ఇంకో మెలిక, ఇంకో చమత్కారం జొరబడకుండా అన్ని తలుపులూ మూసి, ఒకే ఒక్క మాట అనుకున్నాడు. నాలుగు సెకన్లు గడిచాయి. గుండీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిన్నగా పలికింది.

"నాలుగు."

"బావా!"

"నాలుగు," అంది గుండీ మళ్లీ.

*

మర్నాడు కాంప్లెక్సులో మైకు పలికింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. చీపురుపల్లి వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

ఒక్క తల లేవలేదు. చీపురు లేదు, ఊడ్పు లేదు. బస్సు సగం ఖాళీతో వెళ్లిపోయింది. తవిటినాయుడు 'గజం' అనుకున్నాడు. చెవిలో నాలుగో వెర్షన్ మెత్తగా అడిగింది: "ఏనుగా? కొలతా?" 'రెండూ' అనుకున్నాడు. "కొలత" అని తేల్చేసి, "గజపతినగరం బస్సు సమీపంలో ఉన్నది" అని ప్రకటించింది.

పదకొండు గంటలకు తోటకూర కట్టల గంపతో ఒక ముసలమ్మ మైకు గది కిటికీ దగ్గరికి వచ్చింది. రోజూ గజపతినగరం నుంచి వచ్చే మనిషే. లోపలికి తొంగిచూసింది.

"మైకులో నాయుడు సెలవెట్టేడేటి బాబూ?"

"నేనే తవిటినాయుడిని అమ్మగారూ," అంది గుండీ.

ముసలమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వు కాదులే నాయనా. ఆ నవ్వించే నాయుడు," అని గంప సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఇంకా పెద్ద చిక్కొచ్చింది. 'నూకా' అని పిలుద్దామని చూశాడు. నాలుగో వెర్షన్ నిఘంటువులో నూక అంటే విరిగిన బియ్యపు గింజ. గింజని ఎవరైనా పిలుస్తారా? అందుకని అది నిండు పేరు వెతికి, మర్యాద కలిపి పంపింది.

"నూకరత్నం గారూ, భోజనం సిద్ధమైనదా?"

ఆవిడ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. మొగుడి వైపు తిరిగింది.

"ఆ పేరు గలావిడ ఇక్కడుండదు. ఓటరు కార్డులో ఉంటాది. అక్కడికెల్లి అడుగు."

కంచం పెట్టింది, ఎదురుగా కూర్చుంది, పక్కకి చూస్తూ తింది. ఆ పేరుతో ఎన్నిసార్లు పిలిచినా మారు పలకలేదు. తవిటినాయుడు పట్టు వదల్లేదు. రోజూ ఆవిడ పొయ్యి ముందు నిలబడినప్పుడు గడప దగ్గర నిలబడి 'కొంగు' అనుకునేవాడు. పావు సెకను. "కొంగు." తప్పు లేదు, తడబాటు లేదు, కొంగ లేదు. రోజుకి ఇరవైసార్లు. పొద్దున అద్దం ముందు ముప్ఫై 'ఆ'లు, తరవాత వంటింట్లో ఇరవై 'కొంగు'లు. ఇరవయ్యోది సరిగ్గా వచ్చాక కట్టున్న చేతికేసి చూసి, చాలనుకుని వెళ్లి కూర్చునేవాడు.

"నాను సచ్చీదాకా పొయ్యి కాడ ఇలాగే కాపలా కాస్తావేటి?" అంది నాలుగో రోజు.

"అవును," అంది గుండీ.

అయిదో రోజు ఫర్హానాకి ఫోను చేయించాడు. 'నూకా' అన్న పిలుపును పేర్లలో చేర్చగలరా?

"చేరుస్తాను గానీ దాని వెనక 'గారూ' తగిలిస్తుంది," అంది ఆవిడ ఇబ్బందిగా. "మర్యాద దానికి కొంచెం మొండిగా నేర్పాం. తవిటినాయుడు గారూ, మూడుని మళ్లీ లేపమంటారా? ఇంకా రెండు రోజులుంది."

అతను వంటింట్లో పొయ్యి వైపు చూశాడు. "వద్దు," అంది గుండీ.

*

ఏడో రోజు పొద్దున నూకరత్నం వసారాలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. కాలిన చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చేట ఓ పక్కకి వాలుతోంది. తవుడు ఇటూ, నూకలు అటూ చెదురుతున్నాయి.

"మిల్లోడు మోసం సేసేడు. సగం నూకలే," అని తనలో తను గొణుక్కుంది.

తవిటినాయుడు ఎదురుగా కూర్చున్నాడు. సాయంత్రం లోపల మూడు చెరిగిపోతుంది. ఇక్కడ బియ్యం చెరుగుతున్నారు, అక్కడ మనిషిని చెరిపేస్తున్నారు. ఎంత మంచి జోకు! ఇది బయటికి రాదు. వచ్చినా నాలుగు దాన్ని ఉతికి ఆరేసి, 'బియ్యం శుభ్రపరచుచున్నారు' అంటుంది. ముప్ఫయ్యేళ్ల సంసారంలో ఇంత మంచి జోకుని మింగడం అతనికి ఇదే మొదటిసారి.

చేట వాలిపోతోంది. సాయం పడదామని పిలవబోయాడు. ఎలాగూ రాదని తెలిసీ, అలవాటు కొద్దీ, పాత పిలుపే తలలో మెదిలింది.

ఎదురుగా నూకలు, మాటల్లో నూకలు. ఇంక అనుమానమేముంది? నాలుగో వెర్షన్ గింజనే ఎంచుకుంది. గింజంత పొడిగా, గింజంత పొట్టిగా పలికింది.

"నూక."

"అవును, నూకే," అంది నూకరత్నం తలెత్తకుండా. "కనబడతంది."

తవిటినాయుడికి ఒళ్లు మండింది. మిల్లువాడి మీద కాదు. కడుపులోంచి, ఛాతీలోంచి, మూడేళ్లుగా ముప్ఫైసార్ల చొప్పున అరగదీసిన గొంతులోంచి కోపం తన్నుకొచ్చింది. మళ్లీ పిలిచాడు. గుండీ "నూక" అంది. దాని తోక పట్టుకునే సొంత గొంతు లేచింది.

"ఆ!"

నూక. ఆ.

చేట జారిపోయింది. నూకలూ తవుడూ నేల మీద కలిసిపోయాయి.

నూకరత్నం తలెత్తింది. "ఏటన్నావు?"

తవిటినాయుడు కూడా బిత్తరపోయి ఉన్నాడు. మెల్లగా, భయం భయంగా, కాగితప్పడవ నీళ్లలోకి వదిలినట్టు మళ్లీ వదిలాడు. గుండీ సగం, గొంతు సగం.

"నూక... ఆ."

మూడేళ్లలో మొదటిసారి పెళ్లాన్ని అతను తన గొంతుతో పిలిచాడు. పేరు యంత్రానిదే. పిలుపు మాత్రం అతనిది.

"ఏటి బావా?" అంది ఆవిడ. "ఏటి?"

అప్పుడు తవిటినాయుడి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నూకరత్నానికి తెలుసు. సాలూరు బస్సుకి ముందు వచ్చే మెరుపది. గుండీ ఎంతో మర్యాదగా అంది:

"మీరు వంట బాగా చేస్తారు."

గొంతు వెనకనుంచి దీర్ఘం తీసింది:

"ఆ?"

చేస్తారా?

"ఓలమ్మో, ఓలమ్మో!" నూకరత్నం గుప్పెడు తవుడు తీసి అతని ముఖాన కొట్టింది. "పోయిందనుకున్నాను కదరా బాబూ యెటకారం! మళ్లీ అను!"

అన్నాడు. "మీరు చాలా తెలివైనవారు. ఆ?" "మీ అన్నయ్య మంచివాడు. ఆ?" "మీ పెసరట్టు మెత్తగా ఉంటుంది. ఆ?" యంత్రం ఎంత తిన్నగా చెబితే ఆ దీర్ఘం అంత వంకరగా తగులుతోంది. నాలుగో వెర్షన్‌కి ఏమీ తెలియదు. అది ఒకే అర్థం పలికి, పని అయిపోయిందని ఊరుకుంటోంది. పారేసిన రెండో అర్థాన్ని వెనక వస్తున్నవాడు ఏరుకుంటున్నాడు.

నవ్వీ నవ్వీ ఆవిడ హఠాత్తుగా ఆగింది. కట్టున్న చెయ్యి చూసుకుంది. తవిటినాయుడి నవ్వూ ఆగింది.

"ఒక మాటకి కట్టుబడాల," అంది. "ఒట్టి గుండీ మాటాడితే అది నిజం. నాను మరి ఆలోచించను. నీ గొంతు కలిస్తే అది యెటకారం. నవ్వుకుంటాను. పేరుకి మాత్తరం రెండూ కావాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను," అంది గుండీ.

ఆవిడ ఒక క్షణం చెవులు రిక్కించి ఎదురుచూసింది. వెనక ఏమీ రాలేదు.

*

మధ్యాహ్నం ల్యాబులో ఫర్హానా మీట మీద వేలు పెట్టి అడిగింది. "మూడా? నాలుగా? ఇప్పుడు చెప్పెయ్యాలి."

"నాలుగున్నర," అంది గుండీ.

ఫర్హానా తెరకేసి చూసింది. యంత్రం పాడైందేమోనని ఇంకోసారి చూసింది. "నాలుగున్నర అని ఏదీ లేదండీ. ఆ అర ఎక్కడిది?"

తవిటినాయుడు నోరు తెరిచాడు. "ఆ."

"అరువు తెచ్చింది కాదు డాక్టరమ్మా," అంది నూకరత్నం. "అర మాకు సొంతమే."

అప్పుడు పొద్దుటి కథంతా చెప్పింది. ఫర్హానా రెండుసార్లు చెప్పించుకుంది, మూడోసారి రాసుకుంది. తొమ్మిదేళ్లుగా ఆవిడ బృందంవాళ్లు మెదడులో మాటల్ని వెతుకుతున్నారు గానీ, గొంతులో ఏమైనా మిగిలిందేమో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. మిగతావన్నీ పోయాయి కదాని, ఉన్న ఒక్క 'ఆ'ని కూడా వాళ్లు లెక్కలోంచి తీసేశారు.

"అయితే మూడుని చెరిపెయ్యనా?"

తవిటినాయుడు చెవి వెనక తడుముకున్నాడు. మూడో వెర్షన్ పోతే కొంగనీ కొంగునీ కలిపే వెర్రి కవి పోతాడు. గజానికి తొండం తొడిగేవాడు పోతాడు. ఇకమీద అతనికి ఉన్నది ఒక్క దీర్ఘమే. పదకొండేళ్ల చమత్కారమంతా ఆ ఒక్క అక్షరంలోంచి పిండుకోవాలి. ఆ సంగతి అతనికి తెలుసు.

"చెరిపెయ్యండి," అంది గుండీ. గొంతు కలవలేదు.

మర్నాడు పదకొండుకి కాంప్లెక్సులో మైకు గరగరలాడింది. "చీపురుపల్లి వెళ్లు బస్సు సకాలంలో బయలుదేరును."

తవిటినాయుడు మైకుని పెదాల దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ...?"

మూడో ప్లాట్‌ఫారం దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గది వైపు గుడ్లురిమాడు. తోటకూర గంప దించుకుంటున్న ముసలమ్మ నడుం నిటారుగా చేసింది.

"ఒచ్చేసేడర్రా నాయుడు!"

ఆదివారం నూకరత్నం పొయ్యి మీదుగా చెయ్యి చాపి పోపుల డబ్బా అందుకుంటోంది.

"కొంగు," అంది గుండీ ఒక్కటే.

ఆవిడ వెనక్కి తిరగలేదు, నవ్వలేదు, అడగలేదు. కొంగు లాగి నడుముకి దోపుకుంది. ఆ తరవాత డబ్బా దించి, మూత తీసి, ఆవాలు నూనెలో వేసింది. అవి చిటపటలాడాక వెనకనుంచి ఇంకో పిలుపు వచ్చింది. అందులో సగం యంత్రం, సగం మనిషి.

"ఏటి బావా?" అంది.

"ఏమీ లేదు," అంది గుండీ. వెనకే గొంతు కలిసింది.

"ఆ."

లేదా? ఆవిడ గరిటె పట్టుకుని గిరుక్కున తిరిగింది.